సామాజిక భద్రతా చట్టంలో ‘వేతనం’ అంటే ఏ జీతం?

ప్రశ్న: కొత్త సామాజిక భద్రతా కోడ్ గురించి మా కార్మికుల కోసం తెలుగులో కరపత్రం రాస్తున్నాం. ‘వేజెస్’ అన్నచోట ‘వేతనం’ అని రాస్తే చాలా? ఇక్కడ అందరూ జీతమనే అంటారు.

జవాబు: ‘వేతనం’ అనే రాయండి, కానీ పక్కనే అర్థం చెప్పండి. వేతనమన్నా జీతమన్నా మనవాళ్లకు నెల తిరిగేసరికి చేతికొచ్చే మొత్తమే గుర్తొస్తుంది. చట్టం చెప్పేది అది కాదు.

అసలు గందరగోళం పాత చట్టాల్లోనే ఉండేది. ఇంటి అద్దె అలవెన్స్‌నే చూడండి. 1948 నాటి ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) చట్టంలో అది వేతనం కిందికి వచ్చేది. 1952 పీఎఫ్ చట్టంలో వచ్చేది కాదు, 1972 గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం) చట్టంలోనూ వచ్చేది కాదు. ఒకే మనిషి, ఒకే పే స్లిప్, చట్టానికో లెక్క! అలాంటి 9 చట్టాలను కలిపి 2020లో ఒకే కోడ్ చేశారు. అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు అన్నిటికీ వేతనం నిర్వచనం ఒక్కటే: బేసిక్, కరువు భత్యం, రిటెయినింగ్ అలవెన్స్ (పని లేని సీజన్‌లో మనిషిని అట్టే పెట్టుకోవడానికి ఇచ్చేది). ఇంటి అద్దె, రాకపోకల ఖర్చు, కమీషన్ లాంటివి బయట ఉంటాయి. అయితే అవి మొత్తంలో సగం దాటితే, దాటినంత మేరకు వేతనంలో కలపాల్సిందే.

కరపత్రంలో ఈ లెక్క తప్పకుండా వేయండి. నెలకు మొత్తం 20,000 రూపాయలు. బేసిక్ 8,000, ఇంటి అద్దె, రాకపోకలు, కమీషన్ కలిపి 12,000. సగమంటే 10,000, పైన ఉన్న 2,000 బేసిక్‌తో కలుస్తుంది. వేతనం 10,000 అవుతుంది. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. అయిదేళ్లకు 8,000 మీద 23,077 వస్తే, 10,000 మీద 28,846 వస్తుంది. పీఎఫ్ కోత పెరిగి చేతికొచ్చేది కొంత తగ్గొచ్చు, ఆ మాటా దాచకుండా రాయాలి.

మరొకరు: మరి ‘కోడ్’ని ‘స్మృతి’ అనొద్దా? శిక్షాస్మృతి అని ఎప్పటినుంచో ఉందిగా.

జవాబు: తప్పేం లేదండి. చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒకచోట కూర్చడానికి ‘సంహిత’ ఇంకా బాగా నప్పుతుంది. అయినా కరపత్రానికి ‘కోడ్’ చాలు, పత్రికలన్నీ లేబర్ కోడ్‌లనే రాస్తున్నాయి.

నాకు అంతకంటే టెన్షన్ పెడుతున్న మాట ‘కాంట్రాక్ట్ ఉద్యోగి’. కాంట్రాక్టర్ పంపిన మనిషినీ అలాగే అంటాం, కంపెనీయే రెండేళ్లకో మూడేళ్లకో నేరుగా రాసుకున్న మనిషినీ అలాగే అంటాం. కొత్త కోడ్‌లో ఏడాది పనిచేస్తే చాలు గ్రాట్యుటీ అన్నది ఈ రెండో రకం వారికి. ‘కాంట్రాక్ట్ ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ’ అని అచ్చేస్తే మొదటి రకం వారు ఆశపడి ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ‘కంపెనీతో నేరుగా ఇంత కాలమని రాతపూర్వక ఒప్పందం ఉన్న ఉద్యోగి’ అని రాయండి. వాక్యం పొడుగైనా ఫర్వాలేదు.