డిగ్రీ మొదటి ఏడాది పిల్లకి ముందు సి నేర్పాలా, పైథానా?

రావులపాలెం మావయ్య:
అందరికీ నమస్కారమండి. మా అక్క కూతురు ఈ ఏడాదే అమలాపురంలో బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు పాఠాలన్నీ ఇంగ్లీషులో. లెక్కలు బాగా చేస్తుంది గానీ ఇప్పటిదాకా కంప్యూటర్ ముట్టుకున్నది లేదు. కాలేజీలో సి అనే ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెట్టారు, ల్యాబ్ వారానికి ఒక్కసారే. ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ ఉంది. పక్కింటి కుర్రాడు "ఈ రోజుల్లో సి ఎవరు వాడుతున్నారు మావయ్యా, పైథాన్ నేర్పించు" అంటాడు. మా బావేమో సెలవుల్లో అమీర్‌పేట పంపేద్దాం అంటున్నాడు. ఈ లైన్లో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి. ఖర్చుకి వెనకాడం గానీ డబ్బు ఊరికే పోకూడదు కదండి.

కాకినాడ ల్యాబ్ మాస్టారు:
సి యే నేర్పండి, అనుమానం వద్దు. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ చేసిన భాష, ఇప్పటికీ లైనక్స్ కెర్నెల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) దాదాపు అంతా అందులోనే ఉంది. మీ పక్కింటి కుర్రాడు వాడే పైథాన్‌ని నడిపించే ప్రోగ్రాం కూడా సి లో రాసిందే, ఓసారి అడిగి చూడండి.

మా ల్యాబ్‌లో పిల్లలకి నేనిచ్చే లెక్క ఒకటి చెప్తాను. 500 బస్తాల ధాన్యం, బస్తాకి 75 కేజీలు, మొత్తం ఎన్ని కేజీలు? నోటితో ఎవరైనా 37500 అంటారు. మా ల్యాబ్‌లో సి నడిపే పాత సాఫ్ట్‌వేర్ టర్బో సి లో ఇంట్ (పూర్ణాంకాలు దాచే రకం) పెట్టి రాస్తే మైనస్ 28036 అని వస్తుంది. క్లాసంతా గొల్లున నవ్వుతారు. అప్పుడు చెప్తాను: ఆ ఇంట్‌కి దొరికిన చోటు 16 బిట్లే (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే గది), అందులో పట్టే పెద్ద సంఖ్య 32767. అది దాటితే లెక్క తిరగబడి మైనస్ వైపు నుంచి వస్తుంది. 37500 లోంచి 65536 తీసెయ్యండి, అదే జవాబు. మెమరీ అంటే ఏమిటో ఆ ఒక్క లెక్కతో బుర్రకెక్కుతుంది. పైథాన్‌లో మొదలెట్టిన పిల్లకి ఈ సంగతి ఎప్పటికి తెలియాలి?

భీమవరం నుంచి గచ్చిబౌలి:
మాస్టారూ, మీ లెక్కే నా వాదనకీ పనికొస్తుంది. ఆ మైనస్ సి భాషది కాదు, టర్బో సి ది. బోర్లాండ్ కంపెనీ వాళ్ళు డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ రోజుల్లో అమ్మిన సరుకది. ఇప్పటి కంప్యూటర్లలో నేరుగా నడవక, డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో పెట్టి ఆ నీలం తెర పిల్లలకి చూపిస్తున్నారు. అదే లెక్క ఇప్పటి సి కంపైలర్ (రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్ భాషలోకి మార్చేది) జీసీసీలో నడిపితే 37500 అని బుద్ధిగా వస్తుంది, ఎందుకంటే అక్కడ ఇంట్ 32 బిట్లు, 2147483647 దాకా పడుతుంది. పిల్లలు మాత్రం ఆ పాత పరిమితినీ, టర్బో సి తో వచ్చే కోనియో ఫైలునీ, తెర తుడిచే క్లియర్ స్క్రీన్‌నీ సి అనుకుని బట్టీ పడతారు. బయట ఉద్యోగానికి వెళ్తే వాటి అవసరం ఎక్కడా రాదు.

ఇక అసలు విషయం. మొదటి నెలలో మానేసేవాళ్ళు కష్టమై మానేయరు, రాసినదాంతో ఏ పనీ జరగట్లేదని మానేస్తారు. మా నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయి. 30 కౌంట్ అంటే కేజీకి 30 రొయ్యలు, అంటే ఒక్కోటి సగటున ఎన్ని గ్రాములు? వెయ్యిని 30 తో భాగిస్తే పైథాన్ 33.33 అంటుంది. సి లో రెండూ ఇంట్‌లే పెడితే 33 అని ఊరుకుంటుంది. వారం తిరిగేలోగా మేత ఖర్చు లెక్క వేసే చిన్న ప్రోగ్రాం ఆ అమ్మాయే రాసి ఇంట్లో చూపిస్తే, రెండో వారం ఎవరూ బలవంతం చెయ్యక్కర్లేదు. అది పైథాన్‌లో అవుతుంది. సి లో వారానికి అంకెలు చదివించే స్కాన్ఎఫ్‌లో ఆ ఆంపర్‌శాండ్ (&) గుర్తు ఎందుకు పెట్టాలో కూడా తేలదు.

కాకినాడ ల్యాబ్ మాస్టారు:
టర్బో సి ని నేనేం సమర్థించట్లేదు బాబూ, ల్యాబ్‌లో ఉన్నదానితోనే మేం చెప్పాలి. కానీ మీ 33 సంగతే చూడండి. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశం పోతుందని నేర్చుకోవాల్సింది అక్కడే. పైథాన్‌లో అన్నీ తిన్నగా వస్తాయనుకుంటున్నారా? 0.1 కి 0.2 కలపమనండి. 0.30000000000000004 అని చూపిస్తుంది. పదో వంతు 0, 1 అనే రెండంకెలతోనే నడిచే కంప్యూటర్ లెక్కలో సరిగ్గా ఇమడదు మరి. ఆ రోజు మీ పైథాన్ పిల్ల ఎవరి దగ్గరికి వస్తుంది? నా దగ్గరికే.

భీమవరం నుంచి గచ్చిబౌలి:
రానివ్వండి మాస్టారూ, అప్పటికి ఆమెకి అడగాలన్న కుతూహలం ఉంటుంది కదా. నేను అంటున్నది కూడా అదే.

పాలకొల్లు బీకాం కాదు బీసీఏ:
మీరిద్దరూ భాష గురించి కొట్టుకుంటున్నారు, ఆ అమ్మాయికి నిజంగా అడ్డొచ్చేది ఎర్రర్ మెసేజీలు. నేనూ తెలుగు మీడియమే. తెర మీద ఇంగ్లీషులో ఎర్రర్ పడగానే చదవకుండా చెరిపేసి, ప్రోగ్రాం మొత్తం మళ్ళీ టైపు చేసేవాళ్ళం మేమంతా. పక్కనే ఉన్న అమ్మాయి కూడా అంతే. చదివితే అందులోనే జవాబు ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

సి లో ఒక లైను చివర సెమికోలన్ మర్చిపోతే, కంపైలర్ చాలాసార్లు కింది లైను నంబరు చూపిస్తుంది. ఆ లైనులో తప్పేమీ ఉండదు, పిల్ల తల పట్టుకుంటుంది. ఒక లైను పైకి చూడాలి, అంతే. పైథాన్ ఈ విషయంలో కాస్త మెరుగు. 2021 లో వచ్చిన 3.10 నుంచి, బ్రాకెట్ మూయకపోతే ఫలానా బ్రాకెట్ మూయలేదని చెప్తోంది. అయితే పైథాన్‌లో లైను ముందు ఖాళీలు తేడా వస్తే ప్రోగ్రాం నడవదు, ఫోన్ తెర మీద ఆ ఖాళీలు కళ్ళకి ఆనవు. ఫోన్ ఒక్కటే ఉన్న అమ్మాయికి పైథాన్ తేలిక అని చెప్పేవాళ్ళు ఫోన్‌లో రాసి చెప్తున్నారా అని నా అనుమానం.

మావయ్యగారూ, ఒక నోటుబుక్కు కొనిపెట్టండి. వచ్చిన ప్రతి ఎర్రర్‌నీ అందులో రాసి, కింద తెలుగులో అర్థం, ఏం సరిచేస్తే పోయిందో రాసుకోమనండి. మొదట్లో తగిలే మాటలు తక్కువే. ఎక్స్‌పెక్టెడ్, అన్‌డిక్లేర్డ్, అన్‌డిఫైన్డ్, టైప్, ఇన్‌వాలిడ్, ఇలాంటివే తిరిగి తిరిగి వస్తాయి. ఇంకోటి, పైథాన్ 3 లో బస్తాలు, ధర అని తెలుగులోనే పేర్లు పెట్టి లెక్క రాయొచ్చు, నడుస్తుంది. ఉద్యోగంలో ఎవరూ అలా రాయరనుకోండి. భయం పోవడానికి మాత్రం భలే ఉంటుంది.

తణుకు కుర్రోడు:
ఇంత చర్చ దేనికండి? ఏఐని అడిగితే సి అయినా పైథాన్ అయినా క్షణంలో రాసిచ్చేస్తుంది.

భీమవరం నుంచి గచ్చిబౌలి:
రాసిస్తుంది తమ్ముడూ, నేనూ రోజూ వాడతాను. అది ఇచ్చిన ప్రోగ్రాం 33.33 బదులు 33 చూపిస్తే తప్పని పట్టుకునేది ఎవరు? మొదటి ఏడాది పిల్లయితే ఎర్రర్‌కి అర్థం అడగడానికి వాడుకోమనండి, తెలుగులో కూడా చెప్తుంది. హోంవర్క్ చేయించుకోవడానికి వద్దు.

రాజోలు కొబ్బరితోట:
ఫోన్ సంగతి నేను చెప్తాను, ల్యాప్‌టాప్ కొనకముందు అందులోనే నేర్చుకున్నవాణ్ణి. ఆండ్రాయిడ్‌లో పైథాన్‌కి పైడ్రాయిడ్ 3 యాప్ ఉంది, దించుకున్నాక నెట్ లేకపోయినా నడుస్తుంది. సి కావాలంటే టెర్మక్స్ అనే యాప్ వేసి అందులో క్లాంగ్ అనే సి కంపైలర్ పెట్టుకోవాలి, మొదటిసారి పక్కన తెలిసినవాళ్ళు ఉంటే మంచిది. పైథాన్ రాసుకునే గూగుల్ కోలాబ్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది గానీ మా వైపు గాలివాన వస్తే సిగ్నల్ పోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

పాఠాలకి ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రొఫెసర్ అనుపమ్ బసు సి పాఠాలున్నాయి, చూడటం ఉచితం. సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. సి నా, పైథానా అనే గొడవకి హార్వర్డ్ వాళ్ళ సీఎస్50 కోర్సు చూడండి. దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం చేసే స్క్రాచ్‌తో మొదలుపెట్టి, కొన్ని వారాలు సి చెప్పి, తర్వాత పైథాన్‌కి వెళ్తారు. అక్కడ రెండూ ఉన్నాయి, ఎవరూ కొట్టుకోవట్లేదు.

కాకినాడ ల్యాబ్ మాస్టారు:
ముందు సి యే కదా మరి!

నరసాపురం అక్క:
అమీర్‌పేట మాట ఎవరూ ఎత్తలేదు. మా తమ్ముడు వెళ్ళి బాగుపడ్డాడు, కాదనను. కానీ డిగ్రీ అయిపోయాక వెళ్ళాడు. అక్కడి కోర్సులు ఉద్యోగం కోసం పరుగెడుతున్నవాళ్ళకి, లూప్ అంటే తెలియని పిల్ల కూర్చుంటే పాఠం ఆమె కోసం ఆగదు. హాస్టల్, తిండి, ఫీజు కలిపితే సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ వచ్చేస్తుంది. మీ బావగారికి ఆ లెక్క చూపించండి.

భీమవరం నుంచి గచ్చిబౌలి:
అక్కా, ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పదిమంది నేర్చుకునే చోట కూర్చుంటే వచ్చే ఊపు ఇంట్లో రాదు. అమలాపురంలోనే ఇద్దరు ముగ్గురు క్లాస్‌మేట్స్ కలిసి ఆదివారాలు కూర్చుంటే ఆ లోటు కొంత తీరుతుంది.

రావులపాలెం మావయ్య:
ఆయ్, అందరికీ ధన్యవాదాలండి. అమీర్‌పేట ఇప్పుడు వద్దని బావకి చెప్పేశాను, కాస్త మొహం మాడ్చుకున్నాడు. పరీక్ష సి లోనే కాబట్టి కాలేజీ లెక్కలు సి లో, సాయంత్రం ఇంట్లో చెయ్యాలనిపించినవి పైథాన్‌లో అనుకున్నాం. ల్యాప్‌టాప్ సంక్రాంతికి చూస్తాం. నోటుబుక్కు ఇవాళే కొన్నాను. మాస్టారు చెప్పిన బస్తాల లెక్క పైడ్రాయిడ్‌లో తనే వేసి 37500 వచ్చిందని చూపించింది, మైనస్ ఎందుకు రాలేదని నన్నే అడుగుతోంది. ఒక్క ఇబ్బంది, ఫోన్ కీబోర్డు మీద బ్రాకెట్లు వెతుక్కోలేక విసుక్కుంటోంది.

రాజోలు కొబ్బరితోట:
ఓటీజీ కేబుల్ ఒకటి తీసుకోండి, చాలా ఫోన్లకి మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోవచ్చు. పాత కీబోర్డు దొరికినా చాలు. కొనేముందు షాపులోనే ఫోన్‌కి పెట్టి చూసుకోండి.

కాకినాడ ల్యాబ్ మాస్టారు:
మైనస్ ఎందుకు రాలేదని అడిగింది కదా, నా వాదన నేను వెనక్కి తీసుకోను. పైథాన్ సంఖ్య పెద్దదైతే చోటు కూడా పెంచుకుంటూ పోతుంది, అందుకే రాలేదు. ఈసారి ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు అదే లెక్కలో ఇంట్ తీసేసి ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ పెట్టమనండి, జవాబు చూపించే ప్రింట్ఎఫ్‌లో శాతం గుర్తు పక్కన ఎల్ డి (%ld) అని మార్చమనండి. బస్తాలు, కేజీలు ఈ రెండిట్లో కనీసం ఒకటైనా లాంగ్‌గా ఉండాలి. జవాబు లాంగ్‌లో పెట్టి ఆ రెండూ ఇంట్‌లోనే వదిలేస్తే మళ్ళీ మైనస్సే వస్తుంది. ఎందుకో తనే కనుక్కుంటుందేమో చూడండి, లేకపోతే ఇక్కడ అడగమనండి.