దుష్ట ప్రభువు నోట ఏ మాట బాగుంటుంది?

ప్రశ్న: స్నేహితులం కొందరం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తెలుగులో ఆడుతున్నాం. ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు అందులో వీరులై మాట్లాడే ఆట అది. ఈసారి కథ నడిపేది నేను. అందులో ఒక దుష్ట ప్రభువు ఉన్నాడు. సరిహద్దు కోట అతనిది, సొంత బలగం ఉంది, పన్నులతో జనాన్ని పీల్చి పిప్పి చేస్తాడు. "ఓరీ నీచుడా" అనిపిస్తే నాటకాల్లో రాక్షసుడిలా వస్తున్నాడు. పుట్టుకతోనే అధికారం ఉన్నవాడు ఎలా మాట్లాడతాడు? ఒక ఊతపదం చెప్పండి.

జవాబు: "దయచేయండి" ఇవ్వండి. రావడం, వెళ్లడం, ఇవ్వడం మూడూ అందులో ఉన్నాయి. "లోపలికి దయచేయండి" అంటే స్వాగతం. "ఇక దయచేయండి" అంటే బయటికి నడవమని. "ఆ ఉంగరం ఇలా దయచేయండి" అంటే తీసి చేతిలో పెట్టమని. మొదటి రోజు వీరుల్ని విందుకు ఈ మాటతోనే పిలవాలి, తర్వాత కప్పం ఈ మాటతోనే అడగాలి. చివరికి భటులు తలుపు మూస్తుండగా అదే మాట అంటే, వెళ్లమంటున్నాడో చెరసాలకు రమ్మంటున్నాడో ఆటగాళ్లకు తెలియకూడదు. గొంతు మాత్రం పెంచనివ్వకండి. "మీరు" నుంచి "నువ్వు"కి కథ మొత్తంలో ఒక్కసారే దిగాలి, అదీ ఎవరి ప్రాణమో తీయబోయే ముందు. కొలువులో వాళ్లకు "చిత్తం", "ఏమని సెలవు?" చాలు.

మరో జవాబు: పై సలహా బాగుంది కానీ దొరతనమంతా బహువచనంలోనే లేదండీ. మా తెలంగాణలో గడీ (దొర కోటలాంటి ఇల్లు) ముందు జనం అన్నది "నీ బాంచన్, కాల్మొక్త దొరా" అని. "నీ" ఏకవచనమే. అయినా అంతకు మించిన లొంగుబాటు మాట తెలుగులో నాకు కనబడదు. బాంచన్ అంటే నీ బానిసను అని. కాబట్టి ప్రభువు ఏమంటాడన్న దానికంటే ఊరివాళ్లు అతనితో ఏమంటారో ముందు రాసుకోండి. ప్రతి పల్లెలో వీరులకు ఆ పలుకు వినిపించాలి. ఒకనాడు ఒక ముసలమ్మ దొరా అనకుండా నిలబడితే కథ మలుపు తిరిగిందని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క మనవి: నవ్వించడానికి మాత్రం ఈ మాట వాడకండి. దాని వెనక తరాల వెట్టిచాకిరి ఉంది, 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య ఉన్నాడు.

ప్రశ్న వేసినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. మరి అతణ్ని జమీందారు అనొచ్చా?

జవాబు: వద్దు. ఆ మాట వినగానే కచేరీ, శిస్తు లెక్కలు, 1802 నాటి శాశ్వత బందోబస్తు (జమీందార్ల శిస్తును శాశ్వతంగా ఖాయం చేసిన ఏర్పాటు) గుర్తొస్తాయి. కోటా సొంత బలగమూ ఉన్నవాడికి "పాలెగాడు" అతుకుతుంది. 1800లో రాయలసీమ జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక అక్కడి కలెక్టరు థామస్ మన్రో ముందుగా అణచాల్సి వచ్చింది వాళ్లనే. ఎదురుగా మాత్రం ఎవరూ అలా పిలవరు, "ఏలినవారు" అంటారు. చాటున పాలెగాడు, ఎదుట ఏలినవారు. రెండూ వాడండి.