మైట్రల్ వాల్వ్ మార్చాలన్నారు: 26 ఏళ్ల చెల్లికి మెటల్‌దా, టిష్యూదా?

పెద్దన్న:
చెల్లికి చిన్నప్పుడు కీళ్లవాపుతో జ్వరం వచ్చి తగ్గిపోయింది. అది గుండెకి చేరుతుందని అప్పుడు మాకెవరికీ తెలీదు. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం, రాత్రి రెండు దిండ్లు లేనిదే పడుకోలేదు. గుండెలోని మైట్రల్ వాల్వ్ (ఎడమవైపు గదుల మధ్య కవాటం) బిగుసుకుపోయింది, లీకు కూడా ఎక్కువే, బెలూన్‌తో తెరవడం కుదరదు, రిపేరుకీ లొంగదు, మార్చాల్సిందే అన్నారు. పెళ్లయి ఏడాదిన్నర, ఇంకా పిల్లల్లేరు. ఆపరేషన్ కార్డు మీద అవుతుంది కాబట్టి డబ్బు కన్నా ఈ నిర్ణయమే టెన్షన్‌గా ఉంది. మెటల్‌దైతే జీవితాంతం రక్తం పల్చబడే మాత్ర, టిష్యూదైతే (జంతువుల కణజాలంతో చేసింది) కొన్నేళ్లకి మళ్లీ ఆపరేషన్. వారంలో చెప్పమన్నారు. నా ఓటు మెటల్‌కే. ఒకసారి కోసిన ఛాతీని మళ్లీ కోయించడం నా వల్ల కాదు.

టిక్‌టిక్:
నాకు 24 ఏళ్లప్పుడు మెటల్‌ది పెట్టారు, పదకొండేళ్లయింది. మెటల్ అంటాం గానీ చాలావాటిలో రెక్కలు కార్బన్‌వి. మొదట్లో రాత్రిళ్లు నా గుండె చప్పుడు నాకే వినిపించి నిద్ర పట్టేది కాదు. మా ఆయన గోడగడియారం అనుకుని ఒకసారి బ్యాటరీ కూడా తీసేశారు! ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతేనే భయం.

మాత్ర వల్ల రక్తం ఎంత పల్చబడిందో చెప్పే టెస్టు ఐఎన్ఆర్. మైట్రల్‌కి పెట్టిన మెటల్ వాల్వ్‌కి అది 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. మాత్ర పని తగ్గిస్తాయని గోంగూర, మునగాకు మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. నన్ను దెబ్బతీసింది ఆకుకూర కాదు, పంటినొప్పికి నేనే కొనుక్కుని వేసుకున్న మాత్రలు. నాలుగో రోజు ముక్కులోంచి రక్తం ఆగలేదు, ఐఎన్ఆర్ 6 దాటింది. నెలసరి కూడా ఎక్కువగా అవుతుంది, ఇది ఏ మగ డాక్టరూ నాకు ముందే చెప్పలేదు.

బాబు పుట్టాడు. సులువుగా కాదు. గర్భం ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా వార్ఫరిన్, అంటే ఈ రక్తం పల్చబడే మాత్ర, బిడ్డ ఎదుగుదలని దెబ్బతీయొచ్చు. రోజుకి 5 మి.గ్రా. లోపు సరిపోయేవాళ్లకి ఆ ముప్పు తక్కువ. నాకు 6 పట్టేది. అందుకని ఆ వారాల్లో మాత్ర బదులు రోజుకి రెండుసార్లు పొట్టకి హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఇంజెక్షన్లు, కాన్పు ముందు మళ్లీ అవే. ఆ రోజుల్లో వాల్వ్‌లో గడ్డ కట్టే భయం తల్లికి ఉంటుంది. అయినా సరే, మెటల్‌కే నా ఓటు.

రెండోసారి:
నాది టిష్యూ, 29కి. తొమ్మిదేళ్లు నడిచింది. మొదటి మూడు నెలలు మాత్ర వేసుకున్నాను, ఆ తర్వాత దాని ఊసే లేదు. వయసులో ఉన్నవాళ్లకి ఇది తొందరగా గట్టిపడుతుంది, ముసలివాళ్లకి వచ్చినన్నేళ్లు రాదు. రెండో ఆపరేషన్‌లో గుండె ఛాతీ ఎముకకి అతుక్కుని ఉంటుంది కాబట్టి రిస్క్ ఎక్కువ, అది నిజం. ఐతే ఆ తొమ్మిదేళ్లూ నేను పేషెంట్‌ని కాదు.

డల్లాస్ బావ:
ఇక్కడ వేలి చుక్కతో ఇంట్లోనే ఐఎన్ఆర్ చూసుకునే మీటరు ఉంది. ఇంకో మాట, వయసులో ఉన్నవాళ్లకి రాస్ ఆపరేషన్ మంచిదంటున్నారు, అడగండి.

ల్యాబు మనిషి:
బావగారూ, రాస్ చేసేది అయోర్టిక్ వాల్వ్‌కి, అది గుండెలో ఇంకో వాల్వ్. ఈ అమ్మాయిది మైట్రల్. మీటరు మంచిదే గానీ నెల నెలా స్ట్రిప్పులు ఎవరు కొంటారు?

తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థ వాళ్లు తయారుచేసిన చిత్ర వాల్వ్‌ని 1990 డిసెంబర్‌లో మొదటిసారి మనిషికి అమర్చారు. విదేశీ వాల్వ్ కొనలేని ఎంతోమందికి అది దక్కింది. వాల్వ్ చవకైంది సరే, టెస్టు మాట? మెటల్ వాల్వ్ పెట్టుకున్నవాళ్లు నా దగ్గరికి మొదటి ఏడాది క్రమంగా వస్తారు. తర్వాత "బాగానే ఉన్నాను కదండీ" అంటూ మూడు నెలలకోసారి. ఒకాయన టిక్ శబ్దం మందగించాక, ఊపిరాడక వచ్చాడు. వాల్వ్ గడ్డకట్టి బిగుసుకుంది. టెస్టు అక్కర్లేని కొత్త మాత్రలున్నాయి కదా అని అడగొద్దు, మెటల్ వాల్వ్‌కి అవి పనికిరావు. డాబిగాట్రాన్‌తో చేసిన ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. అపిక్సబాన్‌దీ 2022లో ఆపేశారు.

పెద్దన్నా, మీ ఊరికి ల్యాబు ఎంత దూరం?

పెద్దన్న:
35 కిలోమీటర్లు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నేను తీసుకెళ్తాను.

టిక్‌టిక్:
నలభై ఏళ్లు తీసుకెళ్తారా? అన్నీ రాశారు, ఆమె ఏమంటోందో ఒక్క ముక్క రాయలేదు. ఇంకో ప్రశ్న: ఈసీజీలో గుండె లయ ఎలా ఉంది? లయ తప్పి ఉంటే టిష్యూ పెట్టినా మాత్ర తప్పదు. అప్పుడు ఈ వాదనే దండగ.

పెద్దన్న:
అన్నయ్య ఫోన్‌లోంచి చెల్లిని. అందరివీ చదివాను. లయ బాగానే ఉందట. అన్నయ్యకి మళ్లీ కోయించడమంటే భయం. కోసేది నన్ను. నాకు ఇద్దరు పిల్లలు కావాలి, ఐదారేళ్లలో. ఐరన్ మాత్రే మూడు రోజులకోసారి మర్చిపోతాను. అందుకని టిష్యూ అనుకుంటున్నాను. ముప్పై ఆరేళ్లకి రెండోది వస్తే అప్పుడు మెటల్ పెట్టించుకుంటాను.

టిక్‌టిక్:
నేను ఒప్పుకోను తల్లీ. ఇద్దరు చిన్నపిల్లల్ని ఇంట్లో వదిలి రెండోసారి టేబులెక్కడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలీదు. మర్చిపోవడానికి మందు ఫోన్‌లో అలారం. కానీ లయ బాగుందన్నావు కాబట్టి నీ లెక్క తప్పని కూడా అనలేను. ఏది పెట్టినా, ఆ కీళ్ల జ్వరం మళ్లీ రాకుండా 21 రోజులకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ మానకు. పంటి క్రిములు కొత్త వాల్వ్‌కి పట్టకుండా, పళ్లు ఆపరేషన్‌కి ముందే చూపించుకో.

పెద్దన్న:
సరే అక్కా. ఇంటికొచ్చాక బిందె ఎప్పుడు ఎత్తొచ్చు?

రెండోసారి:
ఎముక అతకడానికి రెండు మూడు నెలలు. అప్పటిదాకా చెంబు చాలు. లేచేటప్పుడు చేతుల మీద బలం వేయకుండా, పక్కకి తిరిగి లే. దగ్గొస్తే చిన్న దిండు ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి, లేకపోతే కుట్లు విడిపోతున్నట్టే ఉంటుంది. గట్టి దిండు తీసుకెళ్లు. ఆసుపత్రివాళ్లు ఇచ్చేది మరీ మెత్తన.