నాడవే కౌంటీ (మిజోరి): టౌన్‌షిప్‌ల జనాభా కూడితే కౌంటీ మొత్తం కంటే ఎక్కువ వస్తోంది, ఎందుకు?

ప్రశ్న: మ్యాపుల_పిచ్చి

జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు, వాటి లెక్కలు చేసే పద్ధతి) క్లాసు ప్రాజెక్టుకి నాడవే కౌంటీ తీసుకున్నాను. మిజోరి వాయవ్య మూలన, అయోవా సరిహద్దు మీద ఉంటుంది. ముఖ్య పట్టణం మేరీవిల్. జనసాంద్రత మ్యాపు గీసి, జనాభా ఎందుకు తగ్గిందో రెండు పేజీలు రాయాలి. మూడు చోట్ల ఆగిపోయాను.

టౌన్‌షిప్‌లు, ఊళ్ళు కలిపి కూడితే 30 వేలు దాటిపోతోంది. కౌంటీ మొత్తం మాత్రం 2020లో 21,241 అని ఉంది. టౌన్‌షిప్ అంటే మన మండలం లాంటిదే కదా?

2000లో 21,912, 2010లో 23,370, మళ్ళీ 2020లో 21,241. పల్లె కౌంటీలన్నీ వరసగా తగ్గుతూ వస్తుంటే ఇది మధ్యలో పెరిగి పడటమేంటి?

ఇక్కడి యూనివర్సిటీలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, కౌంటీలో తెలుగు మాట్లాడేవాళ్ళ సంఖ్య సెన్సస్‌లో ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: గొలుసు_కరణం

మొదటిది తేలిక. మీరు మేరీవిల్‌ని రెండుసార్లు కూడారు. సెన్సస్ ఫైళ్ళలో కౌంటీ సబ్‌డివిజన్ (ఇక్కడ టౌన్‌షిప్‌లు), ప్లేస్ (ఊళ్ళు) అని రెండు వేరు వేరు పొరలుంటాయి. నాడవేలో 15 టౌన్‌షిప్‌లున్నాయి. ఆ పదిహేనూ కలిస్తే కౌంటీ మొత్తం వచ్చేస్తుంది, ఇంకేమీ కూడక్కర్లేదు. మేరీవిల్ పోక్ టౌన్‌షిప్‌లో భాగం, కాబట్టి ఊరి జనాభా అందులో ముందే ఉంది. సాంద్రత మ్యాపుకి టౌన్‌షిప్ పొర ఒక్కటే వాడండి, ఊళ్ళని పైన చుక్కలుగా పెట్టండి.

మండలంతో పోల్చకండి, దారి తప్పుతారు. ఇక్కడ టౌన్‌షిప్ అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి సర్వే గడి: ఆరు మైళ్ళకి ఆరు మైళ్ళు, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. రెండోది స్థానిక పాలన. మిజోరిలో చాలా కౌంటీలకి ఈ టౌన్‌షిప్ పాలన లేదు, నాడవేకి ఉంది. కంకర రోడ్ల బాధ్యత ఈ టౌన్‌షిప్ బోర్డులదే. పాలనా టౌన్‌షిప్ హద్దు అన్నిచోట్లా సర్వే గడితో సరిపోదు, కాబట్టి గడి గీసుకుని దాన్నే హద్దుగా వాడేయకండి.

స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దులు ఇంకో లోకం. నాడవే-హోల్ట్ డిస్ట్రిక్ట్ పేరులోనే రెండు కౌంటీలున్నాయి. పిన్ కోడ్ జోలికి అసలు పోవద్దు. 64468 అంటే మేరీవిల్ ఊరు మాత్రమే కాదు, చుట్టుపక్కల పొలాల్లోని ఇళ్ళు కూడా.

జవాబు: లెక్కల_రంగయ్య

రెండోదానికి కౌంటీని ఒకే ముద్దగా చూడటం మానేయండి. మేరీవిల్‌ని విడదీసి చూస్తే కథ బయటపడుతుంది.

మేరీవిల్: 2000లో 10,581, 2010లో 11,972, 2020లో 10,633. కౌంటీలోంచి అది తీసేస్తే మిగిలేది వరసగా 11,331, 11,398, 10,608. అంటే 2000-2010 మధ్య పెరిగిన 1,458లో 1,391 ఒక్క ఊరిదే. పల్లెలు కదల్లేదు. ఆ తర్వాత పడిన 2,129లో కూడా 1,339 ఊరిదే, అంటే దాదాపు 63 శాతం. కౌంటీ జనాభాలో సగం మంది ఒకే ఊళ్ళో ఉంటే, ఆ ఊరికి ఆధారం నార్త్‌వెస్ట్ మిజోరి స్టేట్ యూనివర్సిటీ అయితే, ఊగేది విద్యార్థుల సంఖ్యే.

2020 అంకెని ఇంకాస్త అనుమానంగా చూడాలి. సెన్సస్ తేదీ ఏప్రిల్ 1. ఆ సంవత్సరం మార్చిలోనే కోవిడ్ వల్ల దేశమంతా క్యాంపస్‌లు ఖాళీ అయ్యాయి. నియమం ప్రకారం విద్యార్థిని చదువుకునే ఊళ్ళోనే లెక్కించాలి. డార్మ్‌లో ఉన్నవాళ్ళ వివరాలు యూనివర్సిటీ రికార్డుల నుంచి తీసుకోవచ్చు. బయట అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఫారం తామే నింపాలి. వాళ్ళు అప్పటికే అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళిపోయి ఉంటే ఆ ఇల్లు ఖాళీ అని పడే ప్రమాదముంది, లేదంటే అమ్మానాన్నల ఫారంలో ఎక్కుతారు. పడిపోయిందంతా దీనివల్లే అని మాత్రం రాయకండి. ఒక కారణంగా రాయండి.

అసలు పల్లె క్షీణత చూపాలంటే 1900 నుంచి మొదలెట్టాలి. అప్పుడు కౌంటీ జనాభా 32,938, అదే శిఖరం. మేరీవిల్‌లో అప్పటికి ఐదు వేల మంది కూడా లేరు. అంటే 28 వేలకి దగ్గరగా పొలాల్లో, చిన్న ఊళ్ళలో ఉండేవాళ్ళు, ఇప్పుడు పదిన్నర వేలు. కారణం నేల పనికిరాకపోవడం కాదు. హిమానీనదాలు వదిలిన మట్టి మీద గాలి తెచ్చిపోసిన లోయెస్, మొక్కజొన్నకీ సోయాకీ మంచి నేల. నేల మంచిదవడం, యంత్రాలు పెద్దవవడం రెండూ కలిసే మనిషిని బయటికి పంపాయి. 160 ఎకరాల క్వార్టర్ సెక్షన్‌కి ఒక కుటుంబం చొప్పున సెక్షన్‌కి నాలుగు ఇళ్ళుండే చోట, ఇప్పుడు ఒకే కుటుంబం అనేక సెక్షన్లు దున్నుతోంది. రైతు ఇళ్ళు తగ్గాక స్కిడ్‌మోర్, హాప్కిన్స్, బార్నర్డ్ లాంటి ఊళ్ళలో కొట్టుకీ బడికీ జనం చాల్లేదు.

పోలికకి పక్కనున్న వర్త్ కౌంటీ పెట్టుకోండి. 2020లో 1,973 మంది, మిజోరిలో అతి తక్కువ జనాభా ఉన్న కౌంటీ. అక్కడ యూనివర్సిటీ లేదు.

ఇంకో మాట. డార్మ్, జైలు, మఠం, ఇవన్నీ గ్రూప్ క్వార్టర్స్ (మామూలు ఇళ్ళు కాని ఉమ్మడి వసతులు) కింద లెక్కిస్తారు. మేరీవిల్‌లో రాష్ట్ర జైలు ఉంది, ఖైదీలు ఇక్కడి జనాభాలోకే వస్తారు. ఆగ్నేయం వైపు కన్సెప్షన్‌లో 1873 నాటి బెనెడిక్టీన్ మఠం ఉంది. వయసుల పిరమిడ్ (ఏ వయసువాళ్ళు ఎందరో చూపే పటం) గీసేముందు గ్రూప్ క్వార్టర్స్ పట్టిక చూడండి. లేకపోతే 18-24 దగ్గర ఉబ్బు చూసి "యువత నిండిన పల్లె" అని రాసేస్తారు.

మ్యాపుల_పిచ్చి

రంగయ్య గారూ, ఊరిని విడదీయాలన్న ఆలోచనే రాలేదండీ, థాంక్స్. కౌంటీ వైశాల్యం 877 చదరపు మైళ్ళ నేల అని ఉంది, నా సాఫ్ట్‌వేర్‌లో మాత్రం 0.24 అని వస్తోంది. జాయిన్ (మ్యాపుకి జనాభా పట్టికని కలపడం) కూడా ఖాళీగా వస్తోంది.

జవాబు: గొలుసు_కరణం

మీ పొర అక్షాంశ రేఖాంశాల్లో ఉంది, ఆ 0.24 చదరపు డిగ్రీలు. దాన్ని మీటర్లలో కొలిచే మ్యాపు పద్ధతికి, అంటే యూటీఎం 15 ఉత్తర జోన్‌కి (సాఫ్ట్‌వేర్‌లో ఈపీఎస్‌జీ కోడ్ 26915) గానీ, మిజోరి వెస్ట్ స్టేట్ ప్లేన్‌కి (26998) గానీ మార్చి మళ్ళీ కొలవండి. సెన్సస్ ఫైల్లో నేల వైశాల్యం చదరపు మీటర్లలో ముందే ఉంటుంది, దాన్ని 25,89,988తో భాగిస్తే చదరపు మైళ్ళు.

జాయిన్ సంగతి: షేప్‌ఫైల్లో (మ్యాపు హద్దుల ఫైలు) కౌంటీ కోడ్ 29147. డౌన్‌లోడ్ చేసిన పట్టికలో అదే కోడ్ ముందు 0500000యూఎస్ అని తోక ఉంటుంది. ఆ తోక కోసేసి, రెండు కాలమ్‌లూ టెక్స్ట్‌గా ఉన్నాయో లేదో చూడండి. టౌన్‌షిప్‌లకైతే పది అంకెల కోడ్.

కౌంటీ మొత్తానికి సాంద్రత చదరపు మైలుకు 24 వస్తుంది. మేరీవిల్ తీసేస్తే సుమారు 12. మ్యాపు రంగులు ఈక్వల్ ఇంటర్వల్‌లో (అంకెల పరిధిని సమాన ముక్కలుగా కోసి) వేస్తే పోక్ ఒక్కటే ముదురు, మిగతావన్నీ ఒకే లేత రంగు. క్వాంటైల్ (ఒక్కో రంగుకి సమాన సంఖ్యలో టౌన్‌షిప్‌లు) గానీ, చేతితో పెట్టిన విరుపులు గానీ వాడండి.

జవాబు: భాషాభేదం

మూడో ప్రశ్నకి: తెలుగు అని విడిగా అంకె దొరకదు. పదేళ్ళ సెన్సస్‌లో భాష అడగరు. అడిగేది అమెరికన్ కమ్యూనిటీ సర్వే. 65 వేల లోపు జనాభా ఉన్న కౌంటీకి దాని పూర్తి ఏడాది పట్టికలు ఇవ్వరు, ఐదేళ్ళ సగటే దిక్కు. కౌంటీ స్థాయిలో సీ16001 పట్టిక తీయండి. అందులో హిందీ, గుజరాతీ "ఇతర ఇండో-యూరోపియన్" గడిలో పడతాయి. తెలుగు, తమిళం ద్రావిడ భాషలు కనుక "ఇతర ఆసియా, పసిఫిక్ దీవుల" గడిలోకి వెళ్తాయి. రెండో గడిలో నేపాలీ ఉంటుందనుకుని కలపకండి, అది మొదటిదాంట్లోకే పోతుంది.

పక్కనున్న మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే అంకె) కూడా రాసి తీరాలి. ఇలాంటి చోట అంచనా 200 అయితే తేడా 150 ఉన్నా ఆశ్చర్యం లేదు. ఐదేళ్ళ సగటు కావడం వల్ల ఒకటి రెండేళ్ళలో ఒక్కసారిగా వచ్చిన మాస్టర్స్ బ్యాచ్‌లు పల్చబడి కనిపిస్తాయి. మీకు కావలసింది విద్యార్థుల సంఖ్యే అయితే యూనివర్సిటీ ప్రతి ఫాల్‌లో ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ అంకెలే మేలు, కానీ అందులో ఆన్‌లైన్ వాళ్ళు కలిసి ఉన్నారేమో చూసుకోండి. వాళ్ళు కౌంటీలో ఉండరు.

జవాబు: లెక్కల_రంగయ్య

చిన్న ఊళ్ళ పట్టిక పెడుతున్నట్టయితే ఒక జాగ్రత్త. 2020లో వ్యక్తుల వివరాలు బయటపడకుండా సెన్సస్ వాళ్ళు కావాలనే అంకెల్లో కాస్త అటూ ఇటూ కలిపారు. మార్చకుండా ఉంచిన జనాభా రాష్ట్ర మొత్తం మాత్రమే. కౌంటీకి ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. వంద మంది లోపు ఊరికి మాత్రం "పదేళ్ళలో 6 శాతం తగ్గింది" అని రాస్తే అర్థం లేదు. అలాంటి ఊళ్ళన్నీ ఒక గుంపుగా కలిపి చూపించండి.