భార్యాభర్తల్లో ఒకరికే పడవ నడపడం వచ్చినప్పుడు, డెబ్బై దాటాక సముద్రయానం కొనసాగించవచ్చా?

చెసపీక్ తీరం (చర్చ ప్రారంభం):

మేము మేరీలాండ్‌లో, చెసపీక్ అఖాతం ఒడ్డున ఉంటున్నాము. మా వారికి డెబ్బై నాలుగేళ్లు, నాకు డెబ్బై. ఉద్యోగ విరమణ తరువాత కొనుక్కున్న 40 అడుగుల తెరచాప పడవలో ఏటా చలి మొదలయ్యే వేళకు దక్షిణానికి బయలుదేరి, నార్‌ఫోక్ నుంచి తీరం వెంబడి సాగే లోపలి జలమార్గంలో ఫ్లోరిడా చేరి, గాలి అనుకూలించిన రోజు చూసుకుని గల్ఫ్ స్ట్రీమ్ అనే బలమైన సముద్ర ప్రవాహాన్ని దాటి, బహామాస్ దీవుల్లో చలికాలం గడిపి తిరిగి రావడం మాకు అలవాటు. ఈ ఏడాది మా వారి గుండెకు స్టెంట్ వేశారు. మితంగా శ్రమ చేయవచ్చని వైద్యులు అన్నారు. పడవ అమ్మేయమని పిల్లలు పట్టుబడుతున్నారు. అమ్మితే ఏడాది తిరక్కుండానే తాను మంచాన పడతానని ఆయన అంటున్నారు. వంట, సరుకులు, పటాలు, వాతావరణ సూచనలు నేను చూసుకుంటాను. చుక్కాని, ఇంజను, తెరచాపలు ఆయనవి. ఇన్నేళ్లలో ఈ పంపకం గురించి మేమెన్నడూ ఆలోచించలేదు. అనుభవజ్ఞులు మొహమాటం లేకుండా చెప్పాలని కోరుతున్నాను.

పడమటి గాలి:

అమ్మా, అమ్మవద్దనే నా అభిప్రాయం. 2018లో మొదలైన గోల్డెన్ గ్లోబ్ పోటీలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి వచ్చి గెలిచిన ఫ్రెంచి నావికుడు జాన్-లూక్ వాన్ డెన్ హీడ్‌కు అప్పటికి 73 ఏళ్లు. బ్రిటన్‌కు చెందిన జీన్ సోక్రటీస్ అంతకు ముందు కింద పడి మెడ ఎముక, పక్కటెముకలు విరగ్గొట్టుకుని కూడా, కోలుకుని, 2019లో 77వ ఏట ఒంటరి ప్రదక్షిణ పూర్తి చేశారు. 2022లో సాన్ ఫ్రాన్సిస్కో నుంచి జపాన్ వరకు పసిఫిక్‌ను ఒంటరిగా దాటిన కెనిచి హోరీకి 83 ఏళ్లు. లంగరు గొలుసును చేతులతో లాగే రోజులు పోయాయి, దానికి విద్యుత్ యంత్రాలు వచ్చాయి. ముందు తెరచాపను వెనుక కూర్చున్నచోటి నుంచే చుట్టేయవచ్చు. ఆటోపైలట్ గంటల తరబడి దారి తప్పకుండా నడుపుతుంది. పెద్దవారిని క్షేమం పేరుతో ఇంట్లో కూర్చోబెడితే ఆ కూర్చోవడమే వారిని త్వరగా కుంగదీస్తుంది. ఆయన మాటలో భయపెట్టే ఉద్దేశం లేదు, నిజం ఉంది.

లంగరుతాడు:

పడమటి గాలి గారు చెప్పిన ముగ్గురినీ నేను ఎంతో గౌరవిస్తాను. అయితే ఆ ముగ్గురూ ఒంటరి నావికులు. ఒంటరిగా వెళ్లినవారికి పడవలోని ప్రతి తాడూ కంఠతా వచ్చి ఉంటుంది, ప్రమాదం జరిగితే అనుభవించేదీ వారొక్కరే. ఈ పడవలో మనుషులు ఇద్దరు, నడపగలవారు ఒకరు. ఆయన కూలబడితే, పది టన్నుల పడవ, దానిమీద నిండుగా గాలి పట్టిన తెరచాపలు, లోపల కదలలేని భర్త, ఇవన్నీ ఒక్కసారిగా ఈమె చేతికి వస్తాయి. అందుకే ఆయనకు ఇంకెంత సత్తువ మిగిలిందని లెక్క వేసే ముందు, ఆయన కింద పడకమీద ఉండగా ఈమె ఒక్కరే పడవను రేవుకు చేర్చగలరా అని తేల్చుకోవాలి. చేర్చగలిగితే ఎనభైలో కూడా వెళ్లవచ్చు. చేర్చలేకపోతే, నన్ను మన్నించాలి, ఆయన యాభైలో ఉన్నప్పుడు కూడా వెళ్లి ఉండవలసింది కాదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, సముద్రంలో సాయం వచ్చేలోపు జరగవలసినవి జరిగిపోతాయి. గాలి పది నాట్ల (నాట్ అంటే నావికుల వేగపు కొలత) నుంచి ఇరవై నాట్లకు పెరిగితే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. పదింటిలో తేలికగా దించగలిగిన తెరచాప ఇరవైలో మాట వినదు. అయిదు నాట్లతో పోతున్న పడవ నుంచి ఆయన నీళ్లలో పడ్డారనుకోండి, ఒక్క నిమిషంలో పడవ నూట యాభై మీటర్ల ముందుకు పోతుంది, అలల మధ్య ఆ దూరంలో మనిషి తల కనిపించడం చాలా కష్టం. సియాటిల్‌లోని సెయిలింగ్ ఫౌండేషన్ వారి లైఫ్‌స్లింగ్ అనే పరికరం సరిగ్గా ఇద్దరే ఉండే పడవలను దృష్టిలో పెట్టుకుని చేసినది: పొడవాటి తాడు చివర తేలే పట్టీని వెనుక వదిలి మనిషి చుట్టూ పడవను తిప్పితే తాడు ఆయన చేతికి అందుతుంది, ఆ పైన పడవను ఆపి, కప్పీల సాయంతో ఆయనను పైకి లాగాలి. చాలా పడవల్లో అది వెనుక కటకటాలకు తగిలించి ఉంటుంది. దానిని ఎండలో విప్పి, కప్పీ బిగించి, ఒక బరువును నిజంగా ఎత్తి చూసిన దంపతులు తక్కువ. ఎత్తి చూడనివారికి అది ఉన్నా లేనట్టే.

ఈమె నేర్చుకోవలసినవాటిలో కండబలంతో పనిలేనివే ఎక్కువ. ఇంజనును నడిపించడం, ఆపడం, రేడియోలో ఎర్ర మూత కింది ఆపద మీటను నొక్కిపట్టి 16వ ఛానెల్‌లో తామున్న చోటు చెప్పడం, అన్నిటికన్నా ముఖ్యంగా, ముందు తెరచాపను గాలికి ఎదురు వైపుకు బిగించి, చుక్కానిని దానికి వ్యతిరేకంగా కట్టి, పడవను దాదాపు ఉన్నచోటనే నిలబెట్టడం. ఈ చివరి విద్య వచ్చినవారికి ఆలోచించుకునేందుకు సమయం దొరుకుతుంది. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే నెలలో తిరిగి వచ్చిన భారత నౌకాదళ పడవ తారిణిలో ఉన్నది ఆరుగురు మహిళలే. వారిలో హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖకు చెందిన స్వాతి కూడా ఉన్నారు. వారు యువతులు, శిక్షణ పొందినవారు, నిజమే. కాని ఆడవారి చేతికి పెద్ద పడవ లొంగదన్న మాటను వారు దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దగ్గరే విడిచి వచ్చారు.

తీర రేఖ:

నైపుణ్యం గురించి ఇంత మాట్లాడుతున్నారు, ఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ సాధారణంగా అమెరికా దాటితే వర్తించదు. బహామాస్‌లోని చిన్న దీవిలో గుండెనొప్పి వస్తే బహామాస్ రాజధాని నాసోకో ఫ్లోరిడాకో విమానంలో తరలించవలసిందే. జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు తుపానుల కాలం, పడవ ఎక్కడ ఉండాలో బీమా పత్రమే నిర్ణయిస్తుంది. తుపానులకు దూరమని పేరున్న దక్షిణ కరీబియన్‌లో కూడా 2024 జూలై 1న బెరిల్ తుపాను కరియాకూ దీవిని తుడిచిపెట్టింది, మడ అడవుల్లో దాచిన పడవలు సైతం ధ్వంసమయ్యాయి. వయసు మీరినవారు పడవను నిలిపే మెరీనాకు కట్టే సొమ్ముతో ఒడ్డునే హాయిగా ఉండవచ్చు.

లంగరుతాడు:

వైద్య బీమా గురించి తీర రేఖ గారు చెప్పినది అక్షరాలా నిజం, తరలింపుకు విడిగా బీమా తీసుకోకుండా గల్ఫ్ స్ట్రీమ్ దాటకూడదు. తుపాను మాత్రం పడవ అమ్మడానికి కారణం కాదు. 2003లో ఇసబెల్ తుపాను వచ్చినప్పుడు మన చెసపీక్ ఒడ్డునున్న అనాపోలిస్ వీధుల్లోకి నీళ్లు వచ్చాయి. ఆ కారణంతో జనం ఒడ్డున ఇళ్లు వద్దనుకోలేదు.

పడవ పరిమాణం గురించి ఎవరూ అడగలేదు. 1966లో 64 ఏళ్ల వయసులో ఒంటరిగా ప్రపంచ ప్రదక్షిణకు బయలుదేరిన ఫ్రాన్సిస్ చిచెస్టర్ తన జిప్సీ మాత్ 4 ఒక్క మనిషికి మించిన పడవ అని బాహాటంగానే విసుక్కున్నారు. లిన్, లారీ పార్డీ దంపతులు ముప్పై అడుగులకు మించని, ఇంజను లేని పడవల్లో దశాబ్దాల పాటు ప్రపంచం తిరిగారు. ఇద్దరికీ అన్ని పనులూ వచ్చు. 40 అడుగుల పడవను అమ్మి 32 అడుగులది కొనుక్కోవడం ఓటమి కాదు. తెరచాపలు చిన్నవైతే ఈమె ఒక్కరే దించగలిగే రోజులు పెరుగుతాయి.

పడమటి గాలి:

మీరు చెప్పిన పరీక్ష సబబే. నేను ఒప్పుకోనిది ఒక్కటే: డెబ్బై ఏళ్ల మనిషి మీద ఇప్పుడు ఇంత విద్య మోపితే ఆమెకు సముద్రమంటేనే విముఖత కలగవచ్చు. ఆమెకు పటాలు చదవడం, వాతావరణం అంచనా వేయడం వచ్చు, అది సగం నావికత్వం. మిగిలిన సగానికి ఒక యువకుడిని జీతమిచ్చి వెంట తీసుకువెళ్లవచ్చు కదా.

చెసపీక్ తీరం:

జీతగాడితో ప్రయాణం మాకు నచ్చదు. ఇద్దరమే ఉండడం కోసమే ఈ పడవ కొన్నాము. లంగరుతాడు గారి ప్రశ్న చదివాక రెండు రోజులు నిద్ర పట్టలేదు, ఎందుకంటే జవాబు నాకు తెలుసు. రేవులో కట్టేటప్పుడు నేను ముందు భాగంలో తాడు పట్టుకుని నిలబడతాను, అవసరమైతే గట్టు మీదికి దూకుతాను. చుక్కాని ఆయన వదలరు.

లంగరుతాడు:

అమ్మా, మీరు రాసినదాన్ని మీరే ఇంకొకసారి చదవండి. దూకడం, బరువైన తాడును పట్టి ఆపడం, బలం కావలసిన ఈ పనులు మీవి. రెండు వేళ్లతో తిప్పగలిగే చక్రం, ఇంజను వేగం పెంచే మీట, బలం అక్కరలేని ఈ పనులు ఆయనవి. ఎన్నో పడవల్లో ఇదే తలకిందుల పంపకం నడుస్తున్నది. ఈ వేసవిలో గాలి లేని ఉదయాల్లో, ఖాళీగా ఉన్న రేవులో, చుక్కాని మీరు పట్టండి; ఆయన మాట్లాడకుండా పక్కన కూర్చోవాలి. శరత్కాలానికి మీ ఒక్కరికే లంగరు వేయడం, రేవుకు చేరడం వస్తే లోపలి జలమార్గంలో దక్షిణానికి వెళ్లండి, అక్కడ ఒడ్డు ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. గల్ఫ్ స్ట్రీమ్‌ను మాత్రం ఈ ఏడాది వదిలేయండి. ఫ్లోరిడా నుంచి బహామాస్‌లోని బిమినీ దీవికి దూరం సుమారు యాభై నాటికల్ మైళ్లే అయినా, ఉత్తరానికి పారే ఆ ప్రవాహానికి ఉత్తరపు గాలి ఎదురైతే లేచే నిటారు అలల్లో ఒక మనిషి బలం చాలదు.

చెసపీక్ తీరం:

మా వారికి అన్నీ చదివి వినిపించాను. లైఫ్‌స్లింగ్ అభ్యాసానికి, నేను చుక్కాని పట్టడానికి ఒప్పుకున్నారు. గల్ఫ్ స్ట్రీమ్ విషయంలో ఇంకా ఒప్పుకోలేదు, ఆ వాదన మా ఇంట్లో సాగుతున్నది. పిల్లలకు సెప్టెంబరు వరకు గడువు ఇమ్మని చెప్పాను. ఈ ప్రాంతంలో పెద్ద వయసు స్త్రీలకు వారి సొంత పడవ మీదనే నేర్పే శిక్షకురాలు ఎవరైనా ఉంటే తెలియజేయండి. భర్త దగ్గర నేర్చుకోవడం మాకు కుదరదని ఇద్దరమూ ఒప్పుకున్నాము.