డ్యుగే-త్రువాఁ ఓడ వెనక భాగం ఫ్రెంచ్ వాళ్లదా, బ్రిటిష్ వాళ్లు మార్చిందా?

1:100 స్కేల్లో చెక్కతో 74 ఫిరంగుల ఫ్రెంచ్ ఓడ డ్యుగే-త్రువాఁ మోడల్ చేస్తున్నా, 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ నౌకా యుద్ధం రోజు ఎలా ఉందో అలా కావాలి. హల్ (ఓడ బాడీ) అయిపోయింది, వెనక గ్యాలరీ దగ్గరే మూడు వారాలుగా ఆగిపోయా.

చిక్కేంటంటే ఈ ఓడ ఫ్రెంచ్ వాళ్ల దగ్గర ఉన్నది అయిదేళ్లే. 1800లో రోష్‌ఫోర్‌లో నీళ్లలోకి దిగింది, ట్రఫాల్గర్ నుంచి తప్పించుకుంది గానీ రెండు వారాలకే నవంబర్ 4న స్పెయిన్ తీరంలో కేప్ ఒర్టెగల్ దగ్గర బ్రిటిష్ నౌకాదళ అధికారి స్ట్రాచన్‌కి దొరికిపోయింది, ఆ తర్వాత ఇంప్లాకబుల్ అని పేరు మార్చి బ్రిటిష్ వాళ్లు వాడుకున్నారు, 1808లో బాల్టిక్‌లో రష్యన్లతో పోరాడింది, తర్వాత ట్రైనింగ్ షిప్ అయింది, చివరికి 1949 డిసెంబర్‌లో రెండు దేశాల జెండాలూ ఎగరేసి మరీ ముంచేశారు (పాపం). వెనక భాగం మాత్రం గ్రీనిచ్ మ్యూజియంలో ఉంది.

ఆ మ్యూజియం ఫోటోలు చూసి ఒకసారి చేశా, కిటికీల వరస నా దగ్గరున్న ఫ్రెంచ్ 74 ప్లాన్‌తో కుదరక పీకేశా. ఫ్రెంచ్ పేరుతో వెతికితే 1788 నాటి ఇంకో డ్యుగే-త్రువాఁ కూడా కలిసిపోతోంది, ఇంగ్లిష్ పేరుతో వెతికితే అన్నీ ముసలి రోజుల ఫోటోలే.

గ్రీనిచ్‌లో ఉన్న ఆ చెక్కడాలు, కిటికీలు 1805 నాటివేనా, లేక పట్టుకున్నాక బ్రిటిష్ వాళ్లు రిపేర్లలో మార్చినవా, తెలిసినవాళ్లు చెప్తారా?