బ్లీచింగ్ పౌడర్ బస్తాలను ఎరువుల గదిలో ఉంచవచ్చునా?

ప్రశ్న (కాశీనగర్ ప్రాంతం, గజపతి జిల్లా)

వంశధార వరద తగ్గిన తరువాత మా ఊరి బావులలో కలపడానికి వచ్చిన బ్లీచింగ్ పౌడర్ బస్తాలను, వేరే చోటు లేక, యూరియా, డీజిల్ డబ్బా, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ సీసాలు ఉన్న గదిలోనే పెట్టారు. ఒక బస్తా మూతి విప్పి ఉంది. తలుపు తీయగానే కళ్లు మండుతున్నాయి. గొళ్లెం తుప్పు పట్టి పొరలుగా రాలుతోంది. అది సున్నం వంటిదేనని, భయం లేదని పెద్దలు అంటున్నారు. నిజంగా ప్రమాదం ఉన్నదా?

సమాధానం (రాయగడ, కాగితపు మిల్లులో బ్లీచింగ్ విభాగంలో పనిచేసినవాడిని)

అయ్యా, దయచేసి ఈ రోజే వాటిని వేరుచేయించండి. అందులో సున్నం ఉన్న మాట నిజమే గాని, దాని బలమంతా కాల్షియం హైపోక్లోరైట్‌ది, అది తీవ్రమైన ఆక్సీకరణి, అంటే ఆక్సిజన్ అందించి ఇతర వస్తువులను మండించే పదార్థం. యాసిడ్ సీసా పగిలి దానిపై పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ వాయువు గాలికంటే బరువైనది కనుక నేలబారుగా పరుచుకొని, వంగి పనిచేసేవారికి, పిల్లలకు ముందుగా తగులుతుంది. తడి యూరియాతో కలిస్తే పేలే స్వభావమున్న నైట్రోజన్ ట్రైక్లోరైడ్ ఏర్పడవచ్చు. డీజిల్, నూనె గుడ్డలు, రంపపు పొట్టు వంటివి తగిలితే నిప్పురవ్వ లేకుండానే వేడెక్కి అంటుకోవచ్చు. మీ గొళ్లేన్ని తింటున్నది కూడా ఆ బస్తానుంచి వస్తున్న ఆవిరే.

ముందు తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. ముఖానికి కట్టుకునే తుండుగుడ్డ పొడిని కొంత ఆపుతుందేమో గాని వాయువును ఆపలేదు. ఒలికిన పొడిని పొడి ప్లాస్టిక్ చేటతో ఎత్తండి, చెత్తతో కలిపి ఊడ్చి తిరిగి బస్తాలో పోయకండి.

సమాధానం (పర్లాకిమిడి, ఆరోగ్య కార్యకర్తను)

పై మాటలకు వాడకం గురించి కొంత చేరుస్తాను. తాజా పొడిలో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది, వెయ్యి లీటర్ల బావి నీటికి 2.5 గ్రాములు చాలు. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు నీళ్లు పోసి, అందులో పొడిని కొద్దికొద్దిగా కలిపి, సున్నం అడుగుకు దిగేదాకా పది నిమిషాలు ఆగి, పై తేటను మాత్రమే బావిలోకి దించి చేదతో కలియబెట్టాలి. గంట గడవకముందు ఆ నీరు తోడకూడదు.

కంట్లో పడితే రెప్పలు విడదీసి పట్టుకొని పావుగంటకు తగ్గకుండా మంచినీటితో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చర్మంపై పడితే నిమ్మరసం, చింతపండు పులుసు రాయకండి, ఆ పులుపు వల్లే క్లోరిన్ వెలువడుతుంది. పొరపాటున మింగినవారికి వాంతి చేయించవద్దు. వాయువు పీల్చినవారు కుదుటపడినట్లు కనిపించినా, ఊపిరితిత్తులలో నీరు చేరడం కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు గనుక ఆ రాత్రి ఇంట్లో ఉంచకుండా వైద్యునికి చూపించాలి.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూతి విప్పిన పాత బస్తా పనికివస్తుందా? ఒకవేళ నిప్పు అంటుకుంటే ఇసుక చల్లవచ్చునా?

సమాధానం (రాయగడ)

గాలి, తేమ తగిలినకొద్దీ క్లోరిన్ పోతుంది కాబట్టి, పరీక్షించకుండా ఆ బస్తాను నమ్మి బావి నీరు శుద్ధమైందనుకోవడం ప్రమాదకరం. ఇక నిప్పు సంగతి: ఈ పొడి తనలోని ఆక్సిజన్‌ను తానే విడుదల చేస్తుంది, అందువల్ల ఇసుకతోనో తడిగోనెతోనో కప్పి గాలి ఆపినా ఆరదు. దూరంనుంచి, గాలి మన వీపువైపునుంచి వీచేలా నిలబడి, ధారాళంగా నీళ్లు కొట్టాలి. కొద్దిపాటి నీరు చిలకరిస్తే మేలుకంటే కీడే ఎక్కువ. అమ్మోనియం ఫాస్ఫేట్ పొడి ఉన్న, నిప్పు ఆర్పే ఎర్ర సిలిండర్‌ను మాత్రం దీనిపై వాడవద్దు.